గోడ లోపలి సంగతి

హైదరాబాదు దగ్గరి కీసరగుట్ట రామలింగేశ్వరుడి స్థలపురాణాన్ని భక్తితో చదివేవాళ్లే ఎక్కువ. పనివాళ్ల చరిత్ర కోసం చదివినా అందులో సరుకుంది. రావణుణ్ణి చంపిన పాపం పోగొట్టుకోవడానికి రాముడు ఈ గుట్ట మీద శివలింగాన్ని ప్రతిష్ఠించాలనుకున్నాడు. కాశీ నుంచి లింగం తెమ్మని హనుమంతుణ్ణి పంపాడు. ముహూర్తం ముంచుకొచ్చింది, హనుమంతుడి జాడ లేదు. శివుడే ప్రత్యక్షమై ఒక లింగాన్ని ఇస్తే రాముడు దాన్నే ప్రతిష్ఠ చేసేశాడు. ఏది నచ్చుతుందో ఏమోనని 101 లింగాలు మోసుకొచ్చిన హనుమంతుడు జరిగింది చూసి నొచ్చుకుని, తెచ్చినవన్నీ గుట్ట చుట్టూ విసిరేశాడు. ఇప్పటికీ గుట్ట మీద ఆరుబయట కనిపించే లింగాలు అవేనంటారు. రాముడు ఆయన్ని ఓదార్చి, తొలి పూజ నీకే అని మాటిచ్చాడు, గుట్టకు ఆయన తండ్రి కేసరి పేరు పెట్టాడు. కేసరిగిరి కాలక్రమంలో కీసర అయిందని చెప్పుకుంటారు. రామేశ్వరంలోనూ ఇంచుమించు ఇదే కథ. అక్కడ శివుడిచ్చిన లింగం బదులు సీత ఇసుకతో చేసిన లింగం ఉంది. అక్కడా హనుమంతుడు తెచ్చినదానికే ముందు పూజ.

అనుకున్న సరుకు రాలేదని, ముహూర్తం దాటకూడదని, చేతికందినదానితో పని ముగించడం. ఇవాళ ఏ కాంట్రాక్టరో ఇదే పని చేస్తే మనం దానికి వేరే పేర్లు పెడతాం. మలుపు దగ్గర బాట దిగి మూల కోసుకుపోయే బండివాడితో పోల్చి ఇంగ్లీషువాళ్లు చెప్పే ఆ తప్పుకు మన దగ్గర మాటలకు కరువు లేదు: అడ్డదారి, తూతూమంత్రం, మమ అనిపించడం, హైదరాబాదులో అయితే నామ్‌కే వాస్తే. మరి స్థలపురాణం రాముణ్ణి ఎందుకు తప్పు పట్టలేదు? దేవుడు కాబట్టి అంటే చర్చ అక్కడితో ఆగిపోతుంది. కథలోనే అంతకంటే మంచి జవాబుంది. ఏ లింగం ఎక్కణ్ణుంచి వచ్చిందో, రావలసింది ఎందుకు రాలేదో కథ బహిరంగంగా చెప్పేస్తుంది. దూరం వెళ్లి వచ్చినవాడి శ్రమ వృథా అయిందని ఒప్పుకుని, అతనికి దక్కాల్సిన గౌరవం అతనికి ఇస్తుంది. తక్కువ ఖర్చు, తొందర, ఒకదాని బదులు మరొకటి వాడటం ప్రతి వృత్తిలోనూ ఎప్పుడూ ఉన్నవే. వాటిని మోసం చేసేది దాపరికం. ఆ దాపరికానికి మన కట్టుబడి పనుల్లో ఇంత చోటు దొరకడానికి కారణం మనుషుల గుణం చెడిపోవడం కంటే, పని అప్పజెప్పే పద్ధతి మారిపోవడం. కీసర గుట్ట నుంచి ఉప్పల్ దాకా ఉన్న నేలా, దానితో ముడిపడిన తెలుగు ప్రాంతాల చరిత్రా ఈ మాటకు చాలినంత సాక్ష్యం ఇస్తాయి.

బదులు వాడటానికి మన దగ్గర ఒక శాస్త్రమే ఉంది. జైమిని మీమాంసా సూత్రాల ఆరో అధ్యాయంలో ‘ప్రతినిధి’ గురించి సుదీర్ఘమైన చర్చ సాగుతుంది. వడ్లతో చేయాల్సిన యాగానికి వడ్లు దొరక్కపోతే నివ్వరి ధాన్యం వాడవచ్చు. సోమలత దొరక్కపోతే పూతీక వాడవచ్చు. ఏదో ఒకటి వేసేస్తే కుదరదు, అసలుదానికి దగ్గరి పోలిక ఉన్నదే ఎంచుకోవాలి. కొన్నిటికి మాత్రం ప్రతినిధి లేనే లేదు: దేవత, అగ్ని, మంత్రం. యజమానికి కూడా లేదు, ఎందుకంటే ఫలం ఎవరిదో పని వాళ్లదే. ఈ సూత్రాలు చదవనివాళ్ల ఇళ్లలోనూ వాటి నీడ కనిపిస్తుంది. పూజలో దేవుడికి నగలు పెట్టాల్సిన చోట ‘ఆభరణార్థం అక్షతాన్’ అంటూ నాలుగు అక్షతలు వేస్తారు. బంగారం బదులు బియ్యం వేస్తున్నామని దేవుడి ఎదుటే పైకి చెప్పి మరీ వేస్తారు. ఇంత నిజాయితీగా రాసిన బిల్లు ఏ ఆఫీసులోనూ దొరకదు. దీన్ని ఎవరూ తప్పనరు. కాని సంకల్పంలో యజమాని పలకాల్సిన మాటలన్నీ పురోహితుడే గబగబా చదివేసి, చివర ‘మమ’ ఒక్కటి ఆయనచేత అనిపిస్తే మాత్రం జనం నవ్వారు, ఆ నవ్వే జాతీయమైంది. సరుకు మారితే ఫరవాలేదు, మనిషి తప్పుకుంటే కుదరదు అన్న తేడా అక్కడ స్పష్టంగా ఉంది. పని ఎవరి కోసమో వాళ్లు పనిలో లేకపోవడం ఎంత పెద్ద లోటో కట్టుబడి చరిత్రలో మళ్లీ మళ్లీ చూస్తాం.

గుట్ట మీద ఇటుకల కథ కూడా ఉంది. రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాల్లో అక్కడ విష్ణుకుండినుల కాలపు కోటగోడలు, ఇటుక కట్టడాల అడుగుభాగాలు బయటపడ్డాయి. రాజధాని రామన్నపేట దగ్గరి తుమ్మలగూడెమా, కీసరా అని చరిత్రకారుల మధ్య వాదం ఉంది. ఆ తగాదా మనకు అక్కర్లేదు. గమనించాల్సింది, గుట్టంతా గ్రానైటే అయినా కట్టింది ఇటుకతో అని. కాళ్ల కింద కావలసినంత రాయి పెట్టుకుని, కింద మట్టి పిసికి, అచ్చు పోసి, కాల్చి, గుట్ట మీదికి ఎక్కించారంటే అది చౌక కోసం చేసిన పని అయ్యుండదు. గ్రానైటును ఉలితో సరిచేయడానికి పట్టే కాలం, ఇటుకతో కావలసిన కొలతలు రాబట్టుకునే వీలు లెక్క వేసుకునే ఆ దారి పట్టి ఉంటారు. రాయి బదులు ఇటుక వాడటం ఆనాటి తెలుగు నేల అంతటా ఉన్నదే. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2019లో నిలువెత్తు గచ్చు బోధిసత్వుడు బయటపడ్డాడు. లోపల ఇటుక, పైన సున్నపు గచ్చు. విష్ణుకుండినులకు ముందరి ఇక్ష్వాకుల నాగార్జునకొండలో స్తూపాలను బండిచక్రం ఆకారంలో కట్టారు. నడుమ కుండలాగా ఒకటి, చుట్టూ అంచు, మధ్యలో ఆకుల్లాగా ఇటుక గోడలు, ఆ గోడల నడుమ ఖాళీల్లో మట్టి నింపారు. మొత్తం ఇటుకతో కట్టగలిగీ మట్టి నింపారు కాబట్టి అది అడ్డదారి అనడం సులువే. కాని బరువు మోసే చోట ఇటుక ఉంది, బరువు లేని చోట మట్టి ఉంది. ఎక్కడ తగ్గించవచ్చో తెలియడమే ఆ కట్టుబడిలోని విద్య. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి విమానంలో నీళ్ల మీద తేలేంత తేలికైన ఇటుకలు వాడటంలోనూ అదే విద్య ఉంది. కిందంతా బరువైన రాయి, పైన కావాలని తేలికపరిచిన ఇటుక.

అదే కీసరగుట్ట దగ్గర ఒక బండ మీద ‘తొలచువాండ్రు’ అని ఒక్క మాట చెక్కి ఉంది. తెలంగాణలో దొరికిన తొలి తెలుగు శాసనాల్లో దాన్ని లెక్కిస్తారు, విష్ణుకుండినుల కాలానికే చెందుతుందంటారు. రాజు పేరు లేదు, దానం లేదు, తేదీ లేదు. రాయి తొలిచేవాళ్లు తామున్నామని చెక్కుకున్నారు. దాని మీద ఎక్కువ భవనాలు కట్టకూడదు గాని, పని ఎవరిదో అక్కడ ఉండి చేసినవాళ్లే చెప్పుకునే వీలు ఆనాటి ఏర్పాట్లలో ఉండేదని మాత్రం అనుకోవచ్చు. ఇవాళ ఒక అపార్టుమెంటు శిలాఫలకం మీద ప్రారంభించిన మంత్రి పేరు ఉంటుంది, స్లాబు పోసిన మేస్త్రి పేరు ఉండదు.

వెంటనే వచ్చే ఆక్షేపణ ఒకటుంది. పాతకాలంవాళ్లు దాచకుండా పనిచేశారని ఎలా చెప్పగలం? మనకు మిగిలినవి గట్టిగా కట్టినవే. నాసిరకంగా కట్టినవి ఏనాడో మట్టిలో కలిసిపోయాయి, వాటికి సాక్ష్యం ఎక్కడుంది? ఈ ఆక్షేపణ న్యాయమైనదే. పైగా సాక్ష్యం లేకపోలేదు. బౌద్ధుల వినయపిటకంలో చుల్లవగ్గ అనే భాగం ఉంది. వైశాలిలో ఒక పేద దర్జీ భిక్షువుల కోసం విహారం కట్టాలనుకుని తనే బురద తొక్కి ఇటుకలు పేర్చి గోడ లేపాడు. చేతకాని పని కావడంతో గోడ వంకరపోయి కూలింది. ఒకసారి కాదు, మూడుసార్లు. దానధర్మాలు బాగా చేసేవాళ్ల పనినే భిక్షువులు దగ్గరుండి చూసుకుంటారు, నా గోడ దగ్గరికి ఎవరూ రారు అని అతను గొణుక్కున్నాడు. సంగతి విన్న బుద్ధుడు, కట్టడపు పనిని పర్యవేక్షించే బాధ్యత ఒక భిక్షువుకు అప్పజెప్పవచ్చునని అనుమతి ఇచ్చాడు. ఆ బాధ్యత పేరు నవకర్మ. కూలిన గోడలో మోసం లేదు, నేర్పు లేదు. పక్కన తెలిసినవాడు లేకపోవడం అసలు లోపం. అయితే అదే చుల్లవగ్గలో కాస్త కిందికి వస్తే మనకు బాగా పరిచయమైన మనుషులు తగులుతారు. గోడకు ఇంత మట్టి అంటించి, తలుపు నిలబెట్టి, ఇంతమాత్రానికే నవకర్మ చేశామని చెప్పుకుని, ఆ పేరుతో విహారాన్ని ఇరవై ముప్పై ఏళ్లు అనుభవించాలని చూసిన భిక్షువులు. వాళ్లను కట్టడి చేయడానికి పని ఎంత ఉంటే ఎన్నేళ్ల హక్కు ఇవ్వాలో నియమాలు పెట్టాల్సి వచ్చింది. కాబట్టి పూర్వం అందరూ సత్యసంధులని నా వాదం కాదు. పని అప్పజెప్పే పద్ధతికీ, ఆ పనిలో పుట్టే మోసానికీ ఎంత దగ్గరి చుట్టరికం ఉందో రెండు వేల ఏళ్ల కిందటి సన్న్యాసులకే అర్థమైంది అంటున్నాను.

నాగార్జునకొండ మహాచైత్యం దగ్గర ఈ నవకర్మ ఎలా అమలైందో శాసనాలే చెబుతాయి. డబ్బు చాంతిసిరిది. ఇక్ష్వాకుల ఇంటి ఆడపడుచు, వీరపురుషదత్తుడి మేనత్త. పని పూర్తయింది ఆ రాజు ఆరో పాలనా సంవత్సరంలో. కాని పని నడిపించిన భదంత ఆనందుడి పేరును శాసనం వదిలిపెట్టలేదు. దీఘ, మజ్ఝిమ నికాయాలు ధరించినవాడని అతని యోగ్యత కూడా రాసింది. అతను ఆ చైత్యం చుట్టూ తిరిగి మొక్కే సమూహంలోనివాడు. గోడలో లోపం ఉంటే అది అతని నెత్తిమీదే పడుతుంది. డబ్బు ఇచ్చినామె, పని చూసినవాడు, దాన్ని వాడుకునేవాళ్లు ఒకే కట్టుబాటులో ఉన్నారు. కౌటిల్యుడి లోకం ఇంత శాంతమైనది కాదు. పనివాళ్ల నుంచి జనాన్ని కాపాడటం అనే అంశంతోనే అర్థశాస్త్రం నాలుగో అధికరణం మొదలవుతుంది. అక్కడి శిక్షల లెక్క ఆసక్తికరంగా ఉంటుంది. గడువు దాటిస్తే కూలిలో నాలుగో వంతు కోత, దానికి రెట్టింపు జరిమానా. చెప్పినట్టు కాకుండా వేరేగా చేస్తే కూలి మొత్తం పోతుంది, దానికి రెట్టింపు జరిమానా. ఆలస్యం కంటే మార్చి చేయడం ఎంతో పెద్ద తప్పన్నమాట. ఇవాళ్టి మన ప్రభుత్వ పనుల గురించి పత్రికల్లో వచ్చే గోలంతా ఆలస్యం మీదే ఉంటుంది. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు ఎలివేటెడ్ రోడ్డు స్తంభాలు ఏళ్ల తరబడి నిలబడి ఉండటం కంటికి కనిపించే సంగతి కాబట్టి జనం కోపగించుకుంటారు. కంటికి కనబడని తేడా మీద కోపం రావడం కష్టం. కౌటిల్యుడు ఆ కష్టాన్ని గుర్తించాడు.

చెరువుల దగ్గరికి వస్తే ఈ వాదానికి ఇంకా గట్టి ఆధారం దొరుకుతుంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు మీద 1369 నాటి శాసనం ఉంది. విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించాడు. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు అందులో ఒక పాఠంలాగా చెప్పారు. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున పడటం, నడుమ తాబేటి వీపులా మిట్ట ఉండటం, నేల ఎక్కువై నీరు చాలకపోవడం, నీరు ఎక్కువై నేల చాలకపోవడం. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోసే నూరు బండ్లు, రెండేళ్ల పని. ఆరు దోషాల్లో కట్ట ఊరడం ఒక్కటే పనితనానికి చెందింది, మిగిలిన అయిదూ చోటు ఎంచుకున్నవాడి బాధ్యతలే. చెరువు కట్టాక దాన్ని నిలబెట్టడానికి విజయనగర కాలంలో దశబంధం అనే ఏర్పాటు బాగా నడిచింది. చెరువు కట్టినవాడికో, బాగుచేసినవాడికో ఆ చెరువు కింద భూమి గాని, పంటలో వాటా గాని ఇస్తారు. అది వంశపారంపర్యంగా నడుస్తుంది. చెరువు తెగితే అతని మాన్యమూ ఎండుతుంది. రాయలసీమలో ఈ దశబంధం ఇనాములు ఇంగ్లీషువాళ్ల కాలం దాకా లెక్కల్లో ఉన్నాయి. కట్టినవాడు తను కట్టినదాని మీదే బతకాలి అన్న ఈ నిబంధన కంటే గట్టి తనిఖీ అధికారి ఎవరూ లేరు. దీనికీ జబ్బులు పట్టాయి. మాన్యం తిని కట్ట మీద తట్టెడు మట్టి వేయనివాళ్ల మీద సర్కారు కాగితాల్లో ఫిర్యాదులు కనిపిస్తాయి. అయినా అవి మరమ్మతు ఎగ్గొట్టినవాళ్ల మీద ఫిర్యాదులు. దొంగ కట్ట కట్టి డబ్బు పుచ్చుకుని వెళ్లిపోవడం ఆ పద్ధతిలో లాభసాటి కాదు.

లాభసాటి అయింది గుత్తలో. మన పల్లెల్లో రెండు రకాల పని అందరికీ తెలుసు. కైకిలికి పోతే పొద్దు గూకేదాకా పని, రోజుకింత. గుత్తకు పడితే పని మొత్తానికి ఇంత, ఎప్పుడు ముగిస్తే అప్పుడు ఇంటికి. కైకిలిలో నెమ్మదిగా చేయాలనిపిస్తుంది, గుత్తలో త్వరగా చేయాలనిపిస్తుంది. రెండింటిలో ఏది నీతి ఏది అవినీతి అని చెప్పలేం. రెండు పద్ధతులు రెండు రకాల తొందరపాట్లను, బద్ధకాలను పుట్టిస్తాయి, అంతే. నైజాం రాజ్యంలో గుత్త అనే మాటకు భయంకరమైన చరిత్ర ఉంది. 1853లో సాలార్‌జంగ్ దివాను అయ్యేనాటికి తాలూకాల శిస్తు వసూలే గుత్తకు పోయేది. ఎక్కువ పాడుకున్నవాడు ముందే సర్కారుకు డబ్బు కట్టి, రైతు దగ్గర ఎంత పిండుకుంటే అంత తనది. వచ్చే ఏడు ఈ తాలూకా తన చేతిలో ఉంటుందో లేదో తెలియదు కాబట్టి చెరువు బాగుచేయించాలన్న ఆలోచన అతనికి రాదు. సాలార్‌జంగ్ ఆ గుత్తేదార్లను తప్పించి, జీతాలిచ్చే ఉద్యోగులను పెట్టి, 1865లో జిలాబందీతో జిల్లాలు ఏర్పరచాడు. శిస్తులో గుత్త పోయింది. రోడ్లు, భవనాలు, కాలువలు కట్టే పనుల్లో మాత్రం అదే గుత్త కొత్త దుస్తులతో, టెండరు పేరుతో పాతుకుపోయింది. ఇప్పటికీ పత్రికలు కాంట్రాక్టరును గుత్తేదారు అనే రాస్తాయి. ఆ పేరులో శిస్తు గుత్తేదారు చరిత్ర ఉందని రాసేవాళ్లు అనుకోరు.

టెండరు పద్ధతికి తన రోగం తెలుసు. అందుకే దానితోపాటు మెజర్‌మెంట్ బుక్కు పుట్టింది. ఎంత తవ్వారు, ఎంత పేర్చారు, ఎంత పోశారు అన్నది ఇంజనీరు కొలిచి ఎంబీలో రాస్తేనే బిల్లు. మట్టి పనిలో కొలత కోసం వడ్డెరలు గుంట నడుమ తవ్వకుండా చిన్న చిన్న దిబ్బలు వదులుతారు. దిబ్బ నెత్తిన పాత గడ్డి అలాగే ఉంటే, దాని ఎత్తే తవ్విన లోతు. చదువు రాని కూలీ కూడా సరిచూసుకోగల అందమైన లెక్క అది. కాని కొలత ఎంత బాగున్నా అది కనిపించేదాన్నే కొలుస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు ఎంబీలోకి ఎక్కుతాయి, లోపలి గుణం ఎక్కదు. పైగా టెండరులో తక్కువకు పాడినవాడికే పని. ‘ఇంత శాతం లెస్‌కు పట్టాడు’ అన్నది మన కాంట్రాక్టర్ల రోజువారీ భాష. అంచనా తయారు చేసిన ఇంజనీరు లెక్క సరైనదే అయితే, అంత లెస్‌కు ఆ పని ఆ నాణ్యతతో ఎలా అవుతుందని అడగాల్సిన రోజు టెండరు తెరిచిన రోజే. అడగరు. ఆ తర్వాత పని ఒకరి నుంచి ఇంకొకరికి సబ్ కాంట్రాక్టుగా చేతులు మారుతుంది, ప్రతి చేతిలోనూ కొంత ఆగిపోతుంది. చివరికి స్లాబు పోసే మేస్త్రి దగ్గరికి వచ్చేసరికి సిమెంటుకే డబ్బులు చాలవు. అతన్ని దొంగ అనడం తేలిక, కాని దొంగతనం టెండరు కవరులోనే జరిగిపోయింది.

ఇక్కడ పదార్థం కూడా మారిందని గుర్తుంచుకోవాలి. ఇది ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి. సున్నంతో కట్టే రోజుల్లో తొందరపడాలన్నా సరుకు ఒప్పుకునేది కాదు. సున్నం నానబెట్టాలి, ఇసుకతో గానుగలో నూరాలి, గట్టిపడటానికి నెలలు ఆగాలి. రాతి కట్టుబడి అయితే, పూత పూయకముందు రాయికీ రాయికీ పట్టు కుదిరిందో లేదో వీధిన పోయేవాడు కూడా చూసి చెప్పగలడు. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందిన పోర్ట్‌లాండ్ సిమెంటు, దాని తర్వాత వచ్చిన ఆర్‌సీసీ ఈ రెండు లక్షణాలనూ తలకిందులు చేశాయి. గంటల్లో బిగుసుకుంటుంది, కాబట్టి తొందర సాధ్యం. బలమిచ్చే ఇనుము లోపల దాక్కుంటుంది, కాబట్టి చూడటం అసాధ్యం. కాంక్రీటులో నీళ్లు ఎక్కువైతే కలపడం, పోయడం హాయిగా ఉంటుంది గాని బలం పడిపోతుందని అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ 1918లోనే తేల్చి చెప్పాడు. పోశాక కనీసం వారం పాటు తడి ఆరకుండా చూడాలని మన భారతీయ ప్రమాణం చెబుతుంది, ఇప్పుడు ఎక్కువగా దొరికే మిశ్రమ సిమెంట్లకు పది రోజులు అంటుంది. ఎండాకాలం మేడ్చల్ వైపు వేడిలో నాలుగో రోజుకే నీళ్లు కొట్టడం మానేస్తే ఏమవుతుంది? ఆ రోజు ఏమీ కాదు. ఆ ఏడాదీ ఏమీ కాదు. పదేళ్లకు ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, పెచ్చులు రాలతాయి. అప్పటికి మేస్త్రి ఎక్కడో, కాంట్రాక్టరు ఎక్కడో. నాణ్యత తెలుసుకోవడానికి ఆరంగుళాల క్యూబులు పోసి 28 రోజులకు నలగ్గొట్టి చూస్తారు. క్యూబుల కోసం వేరేగా శ్రద్ధగా కలపడం ఈ వృత్తిలో అందరూ ఎరిగిన ముచ్చటే. పరీక్ష రాసేది క్యూబు, బరువు మోసేది స్లాబు.

ఇంకో బలమైన ఆక్షేపణ మిగిలి ఉంది. ఇదే ఆధునిక పద్ధతిలో నిజాంసాగర్ కట్టలేదా? నాగార్జునసాగర్ కట్టలేదా? కట్టారు. 1923లో మొదలై 1931కి పూర్తయిన నిజాంసాగర్ మీద అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు ముద్ర ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్‌ను కాంక్రీటుతో కాకుండా రాతికట్టుబడితో కట్టాలని నిర్ణయించారు. సిమెంటు తక్కువ పడుతుంది, యంత్రాల బదులు వేలమందికి పని దొరుకుతుంది అన్న లెక్కలు దాని వెనక ఉన్నాయి. ఖర్చు తగ్గించుకోవడమే, కాని రాసి, చెప్పి, అందరి ఎదుట తగ్గించుకున్నారు. అక్కడి హిల్ కాలనీలో, పైలాన్ కాలనీలో ఇంజనీర్లు పిల్లాపాపలతో ఏళ్ల తరబడి కాపురం ఉన్నారు. నవకర్మ భిక్షువు ఆనందుడు చేసిన పనే వాళ్లూ చేశారు, నాగార్జునకొండ ఉన్న ఆ కృష్ణా లోయలోనే. కాబట్టి టెండరు ఉన్నంత మాత్రాన పని చెడదు. పని అయ్యేదాకా లోపలి భాగాన్ని చూసే కళ్లు, ఆ కళ్లకు ‘తీసి మళ్లీ కట్టు’ అనగల అధికారం ఉండాలి. సర్వే పనిలో అయితే ఆ కళ్లను పద్ధతిలోనే ఇమిడ్చారు. ఉప్పల్‌లో ఇవాళ సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. ఆ శాఖ పూర్వీకుడు లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఒక ఆధారరేఖ కొలిచి, అక్కణ్ణుంచి త్రిభుజాలు అల్లుకుంటూ నిజాం రాజ్యంలోకి వచ్చి, 1815లో బీదరు దగ్గర మరో రేఖను నేల మీద మళ్లీ కొలిచాడు. త్రిభుజాల లెక్కలో వచ్చిన పొడవు, నేల మీద కొలిచిన పొడవు కలవాలి. నడుమ ఎక్కడ ఏమరుపాటు జరిగినా చివర బయటపడక తప్పదు. 1841లో మెరుగైన పరికరాలతో ఆ బీదరు రేఖనే ఇంకోసారి కొలిచారు. కట్టుబడిలో ఇలాంటి రెండో కొలత లేదు. గోడ తనంతట తను కూలడమే అక్కడి రెండో కొలత.

ఇళ్ల కట్టడంలో ఈ లోటును పూడ్చే ప్రయత్నం మన కాలంలో చట్టం చేసింది. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి అయిదేళ్ల లోపు కట్టుబడిలో గాని పనితనంలో గాని లోపం తేలితే బిల్డరు తన ఖర్చుతో 30 రోజుల్లో సరిచేయాలి. దశబంధం వెనక ఉన్న ఆలోచనే ఇది, చాలా కురచగా. పదేళ్లకు బయటపడే తుప్పుకు అయిదేళ్ల పూచీ ఏం సరిపోతుంది? దానికి తోడు, 500 చదరపు మీటర్లు దాటని స్థలానికీ, ఎనిమిది ఇళ్లు దాటని కట్టడానికీ ఆ చట్టం కింద రిజిస్ట్రేషనే అక్కర్లేదు. రింగు రోడ్డు వచ్చాక కీసర చుట్టుపక్కల వెంచర్లలో నూటాయాభై, రెండు వందల గజాల ప్లాటు కొనుక్కుని సొంతిల్లు కట్టుకునేవాళ్లంతా ఆ గీతకు ఇవతలే ఉన్నారు. వాళ్లకు ఉన్నవి రెండే దారులు. లేబర్ కాంట్రాక్టుకు ఇస్తే మేస్త్రికి సరుకులో మిగిలేది ఉండదు కాబట్టి సిమెంటు పడుతుంది గాని, చదరపు అడుగు లెక్కన డబ్బు కాబట్టి చేతిపనిలో తొందర ఉంటుంది: తూకపు గుండు వేయకుండా లేపిన గోడ, తడపకుండా పేర్చిన ఇటుక. మెటీరియల్‌తో సహా ఇస్తే చేతిపని నింపాదిగా సాగవచ్చు, కోత సిమెంటులో, ఇనుములో పడుతుంది. రెండింటిలో మొదటిదే నయమనుకుంటాను, ఎందుకంటే చేతిపనిలో లోపాన్ని పూత పడేలోపు కాస్త తెలిసినవాడు పట్టుకోగలడు, సరుకులో లోపాన్ని కంటితో ఎవరూ పట్టుకోలేరు. అందుకే ఆ వెంచర్లలో స్లాబు పోసే రోజు ఆఫీసుకు సెలవు పెట్టి మిక్సర్ పక్కన నిలబడి సిమెంటు బస్తాలు లెక్కపెట్టే ఇంటాయన, ఆ తర్వాత వారం పాటు పొద్దున్నే పైపు పట్టుకుని మేడ మీద నీళ్లు కొట్టే ఇంటావిడ కనిపిస్తారు. ఇంజనీరు, ఎంబీ, రెరా చేయాల్సిన పనంతా ఆ ఇద్దరే చేస్తున్నారు, అదీ ఈ జన్మలో మళ్లీ కట్టని ఒకే ఒక్క ఇంటి కోసం.